కోట గోడను చదవడం – 4వ పాఠం: రాళ్ల మధ్య సందులు

ఈసారి బురుజుల గురించి రాయాలనుకున్నాను. గోడలో ఏది పాతది, ఏది కొత్తది అని కనిపెట్టడానికి గత పాఠం చదివి గండికోట వెళ్లివచ్చినవారు రాసిన ఉత్తరాలు చూశాక దాన్ని వాయిదా వేశాను.

మొదట మనసు నొచ్చిన సంగతి. పాత సున్నం సిమెంటు కన్నా మెత్తన అని నేను రాసిన ఒక్క వాక్యాన్ని పట్టుకుని ఇద్దరు గోడను తాళంచెవితో గీకి చూశారట. గీకవద్దని నేను ముందే చెప్పి ఉండవలసింది. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కోట. గీకితే 1958 నాటి చట్టం కింద నేరం. చట్టం మాట అటుంచినా, వందల ఏళ్ల ఎండావానలకు నిలిచిన సున్నం మన చేతిలో పొడిగా రాలితే మళ్లీ అతకదు. కంటితోనే చూడండి. కన్ను చాలకపోతే ఫోను కెమెరాలో దగ్గరకు లాక్కుని చూడండి.

రెండో పొరపాటు దాదాపు అందరూ చేశారు: నల్లరాయి పాతది, ఎర్రరాయి కొత్తది అని రాసుకున్నారు. రాయి రంగు దాని వయసు చెప్పదు. వాననీరు జారే చోట నాచు పట్టి ఎర్రరాయి కొన్నేళ్లకే నల్లబడుతుంది. చూరు కింద తడి తగలని రాయి తరాలు గడిచినా ఎర్రగానే ఉంటుంది. పైగా మరమ్మతు చేసేవారు గోడ కింద పడి ఉన్న పాత రాళ్లనే ఎత్తి మళ్లీ పేరుస్తారు. అప్పుడు రాయి పాతదే, పేర్పు మాత్రం కొత్తది. అందుకే రాళ్ల నడుమ సందును చూడమంటున్నాను.

గానుగ సున్నం, అంటే గానుగలో నూరి రాళ్ల మధ్య పెట్టే సున్నం, తెలుపు మీద కాస్త పసుపో, ఇటుక పొడి కలిస్తే గులాబీ ఛాయో చూపుతుంది. అందులో ఇసుక రేణువులు, తెల్లటి సున్నపు బిళ్లలు కనిపిస్తాయి. సిమెంటు ఒకే బూడిదరంగులో, నునుపుగా, తరచూ రాతి అంచు మీదికి పొర్లి ఉంటుంది. అది తడిని బయటికి పోనివ్వదు. లోపల చిక్కిన తడి రాతి ముఖాన్నే పెచ్చులుగా ఊడదీస్తుంది. సిమెంటు అతుకు చూస్తే నాకు బాధ కలిగేది అందుకే.

సున్నం కనిపించగానే అది తొలి కట్టడమే అనుకోవద్దు. గండికోటను ఏలిన పెమ్మసాని నాయకుల నుంచి 17వ శతాబ్దంలో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి వచ్చిన కోట అది. ఆ రోజుల మరమ్మతులైనా సున్నంతోనే చేసి ఉంటారు. పురావస్తు శాఖవారు కూడా ఇప్పుడు సున్నం వాడుతుంటారు.

ఇక వెలుతురు. తూర్పు ముఖం గోడకు ఉదయపు ఎండ ఎదురుగా కొడితే అంతా చదునుగా కనిపిస్తుంది. పదకొండు దాటాక ఎండ గోడ వెంట జారుతుంది. అప్పుడు ప్రతి ఉలి గాటు కింద సన్నటి నీడ పడుతుంది. నేనైతే ఆ ఒక్క గంట కోసమే వెళ్తాను. కడప ఎండ కాబట్టి టోపీ, రెండు సీసాల నీళ్లు తప్పనిసరి.

అభ్యాసం: తూర్పు ముఖంగా ఉన్న గోడలో ఒక బారెడు మేర ఎంచుకోండి. ప్రతి రాయినీ గీయండి, ప్రతి సందుకూ రంగు రాయండి. సాయంత్రం నీడలో అదే చోట, పొద్దుటి బొమ్మ చూడకుండా మళ్లీ గీయండి. రెండు బొమ్మలూ తేడాగా ఉన్న చోట గుర్తు పెట్టి, మర్నాడు పదకొండు గంటలకు ఆ సందుల ముందే నిలబడండి. జామియా మసీదు పక్కనున్న ధాన్యాగారం లోపలి గోడను ఆ తర్వాతే చూడండి.