చిట్టి దిబ్బరొట్టెలు, చిట్టి గారెలు, గోళీకాయంత బూరెలు: సాయంత్రం చుట్టాలకు గోదారి వంటలు

దిబ్బరొట్టెలో అందరి కన్నూ పెచ్చు మీదే. ముక్కలు కోసి పంచితే అంచు దక్కినవాళ్లు మురిసిపోతారు, మధ్య ముక్క వచ్చినవాళ్లకి మందపాటి ఇడ్లీ తిన్నట్టే ఉంటుంది. అదే పిండిని గుంతపొంగణాల పెనంలో పోస్తే ప్రతి ముక్కకీ చుట్టూ పెచ్చే. సాయంత్రం ఓ పన్నెండుమందిని పిలిచి, విస్తళ్లు వేయకుండా, కబుర్లాడుతూ చేత్తో తినేలా ఏదైనా పెట్టాలనుకుంటే ఇలా చిన్నదైతే బాగుపడే వంటలనే ఏరుకోవాలి.

చిన్నదైతే పాడయ్యేవీ ఉన్నాయి. పులిహోరని ఉండలు కట్టకండి. మెతుకు మెతుకూ విడివడితేనే అది పులిహోర, దొప్పలో పెట్టి చెంచా ఇవ్వడమే మర్యాద. పెసరట్టు ఉప్మాని చుట్టి ముక్కలు కోసే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది గానీ, చల్లారిన పది నిమిషాలకే అట్టు తోలులా సాగుతుంది. పెనం దగ్గర ఒక మనిషి కదలకుండా నిలబడగలిగితేనే దాని జోలికి వెళ్లాలి. ముళ్లున్న చేప ఏదైనా నిలబడి తినే పని కాదు. పూతరేకుల్ని ముక్కలు కోస్తే సగం పొట్టుగా రాలిపోతుంది. చిన్నవి కావాలంటే రేకుని ముందే సగానికి చించి, తడిగుడ్డతో అద్ది మెత్తబరిచి, చెంచాడు బెల్లంపొడీ నెయ్యీ వేసి కొత్తగా చుట్టాలి. లేదంటే ఆత్రేయపురం నుంచి తెప్పించినవి అలాగే పెట్టేయండి. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సరుకుని కత్తెరతో బాగుచేసే అవసరం లేదు.

ఎన్ని చేయాలి అంటే, తర్వాత భోజనం ఉంటే మనిషికి నాలుగైదు ముక్కలు, లేకపోతే ఎనిమిది నుంచి పది. కింది కొలతలతో ఒక్కో రకం యాభై దాకా వస్తాయి. పన్నెండుమందికి మూడు రకాలు చాలు. ఐదు రకాలు మొదలుపెడితే చివరికి ఒక్కటీ వేడిగా అందదు.

పని తగ్గే కిటుకు ఒకటుంది. దిబ్బరొట్టెకీ గారెకీ బూరెల తోపుకీ (పూర్ణం ఉండల్ని ముంచే పై పిండికి) మూలం మినపప్పే. ఒకే పూట నానబోసి, గ్రైండర్‌ని మధ్యలో కడగకుండా వరసగా రుబ్బుకోవచ్చు. ముందు గారెల పిండి, ఎందుకంటే దానికి నీళ్లు దాదాపు పనికిరావు. తర్వాత రొట్టెది, చివర తోపు పిండి. వరస తిరగబడితే గ్రైండర్‌లో మిగిలిన పలుచటి పిండి గారెల్లో కలిసి వాటిని చెడగొడుతుంది.

దిబ్బరొట్టె

మినపప్పు 200 గ్రాములు, ఇడ్లీరవ్వ 400 గ్రాములు. పప్పు నాలుగు గంటలు నానాలి. రవ్వని రెండుసార్లు కడిగి గంటసేపు నాననిచ్చి, గుప్పిటితో గట్టిగా పిండి కలపాలి. ఆ పిండడంలో అశ్రద్ధ చేస్తే పిండి జారుగా అయిపోతుంది, పెనంలో నూనె తాగి కూర్చుంటుంది. గరిటెతో తీసి వంచితే ధారగా కాకుండా ముద్దగా పడాలి. చెంచాన్నర ఉప్పు, చెంచా జీలకర్ర. మూడు నాలుగు గంటలు పక్కన పెడితే చాలు. ఇడ్లీకిలా రాత్రంతా పులిస్తే రొట్టె గుల్లబారి పుల్లగా ఉంటుంది. మే నెల ఉక్కలో అయితే రెండు గంటలే ఎక్కువ.

పెనం ఇనపదైతే మంచిది. సన్నటి సెగ మీద వేడెక్కించి, కోసిన ఉల్లిపాయతో గుంటలన్నీ రుద్ది, ఒక్కో గుంటలో అర చెంచా నూనె వేయాలి. నూనె కాగాక పిండి గుంటకి ముప్పావు వంతే వేయండి. నిండా పోస్తే పొంగి పక్కదానితో అంటుకుంటుంది, తిప్పేటప్పుడు చిరుగుతుంది. మూత పెట్టి సన్నసెగ మీద ఐదారు నిమిషాలు. మధ్యలో ఒకసారి మూత తీసి లోపలి చెమ్మ గుడ్డతో తుడవాలి. ఆ నీళ్లు రొట్టెల మీద పడితే పైభాగం ఉడికినట్టు ఉంటుంది తప్ప కాలదు. అంచులు ఎర్రబడి, పిండి గుంట గోడని వదిలినట్టు కనబడగానే సన్నపుల్లతో ఎత్తి తిప్పి, ఈసారి మూత లేకుండా మూడు నిమిషాలు కాల్చాలి. చీపురుపుల్ల గుచ్చి తీస్తే తడి అంటకూడదు.

అడుగు మాడి లోపల పచ్చిగా ఉందంటే సెగ తప్పు. చల్లారాక రాయిలా గట్టిపడిందంటే పప్పు చాలినంత రుబ్బలేదు, లేదా రవ్వ ఎక్కువైంది. మొదటి వాయి అంటుకుంటే కంగారు పడొద్దు, సబ్బుతో తోమిన పెనం ఒక వాయి తినేస్తుంది. రెండో వాయికి దారిలో పడుతుంది.

నంజుకోడానికి చెరకు పానకం ఉంటే చిన్న గిన్నెలో పోసి పక్కన పెట్టండి, పైన మాత్రం పోయకండి. పోస్తే పెచ్చు రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది. కొబ్బరి పచ్చడి అయితే నీళ్లు లేకుండా గట్టిగా రుబ్బాలి, ముంచి ఎత్తితే చొక్కా మీద కారకూడదు. అల్లం పచ్చడి ఆ బాధ లేనిది.

పనసాకు పొట్టిక్కలు

పొట్టిక్కలంటే పనసాకు బుట్టల్లో ఆవిరి మీద ఉడికించే ఇడ్లీలు. ఇంట్లో పనసచెట్టు ఉన్నవాళ్లకి దిబ్బరొట్టె బదులు ఇవి. రెండూ ఒకే సాయంత్రం వద్దు, పిండి ఒకటే కనక నోటికి తేడా తెలియదు. కోనసీమలో, ముఖ్యంగా అంబాజీపేటలో, మామూలుగా దొరికే పొట్టిక్క ఒక్కటి తింటే సగం కడుపు నిండుతుంది. చిన్నదానికి అరచేయి కన్నా కురచ ఆకులు కావాలి. లేత ఆకు చిరుగుతుంది, ముదురాకు వంచితే విరుగుతుంది, పచ్చదనం తిరిగి ఇంకా మెత్తగా వంగే ఆకు సరైనది. నాలుగు ఆకుల్ని కొసలు మధ్యలో కలిసేలా పేర్చి కొబ్బరి ఈనెతో కుట్టి, పక్కలు పైకి మడిచి మళ్లీ ఈనెలతో గుచ్చితే బుట్ట అవుతుంది. ముందురోజే కుట్టి తడిగుడ్డలో చుట్టి ఉంచుకోవచ్చు. పిండి పోసేముందు బుట్ట లోపల తడి లేకుండా తుడవండి, లేకపోతే అడుగు జిగురుగా ఉంటుంది.

దీనికి మాత్రం పిండి రాత్రంతా పులవాలి. చలికాలంలో పది గంటలు, ఎండాకాలంలో ఆరు. ముప్పావు వంతు పోసి ఆవిరి మీద పన్నెండు నిమిషాలు ఉడికించి, ఐదు నిమిషాలు ఆగి తీయాలి. ఆకుతోనే అందిస్తే కంచం అక్కర్లేదు. కానీ పెట్టేముందు పై ఈనెలన్నీ లాగేయండి, పిల్లలుంటే మరీ. అడుగున కుట్టిన ఈనె ఉంటుందని పెద్దవాళ్లకి కూడా ఒక మాట చెప్పడం మంచిది.

గారెలు, రెండు రకాలుగా

మినపప్పు 300 గ్రాములు. మూడు గంటలకి మించి నానబెడితే గారె నూనె పీల్చుకుంటుంది. మొత్తం రుబ్బడానికి 100 మిల్లీలీటర్ల నీళ్లు దాటకూడదు, అవీ చల్లటివి, చిలకరిస్తూ వేయాలి. ఉప్పు చివర్లో. ముందే వేస్తే పిండి జారుతుంది. రుబ్బిన పిండిలోంచి చిటికెడు నీళ్ల గిన్నెలో వేస్తే తేలాలి. మునిగితే ఇంకా గాలి పట్టలేదని అర్థం, చేత్తో ఒకే దిక్కున రెండు నిమిషాలు గిలకొట్టండి.

గారెకి చిల్లు పెట్టేది మధ్యభాగం ఉడకడానికి. ఉసిరికాయంత ఉండకి ఆ చిల్లు అక్కర్లేదు. సగం పిండిని అలా ఉండలుగా నూనెలో జారవిడిచి మధ్యరకం సెగ మీద మూడు నాలుగు నిమిషాలు వేయించితే పెరుగు గారెలకి సిద్ధం. పెద్ద సెగ పెడితే పైన వెంటనే ఎర్రబడి లోపల పిండిముద్ద మిగులుతుంది. ఒకటి విరిచి చూశాకే వాయి తీయండి.

పెరుగులో పడే చిన్న గారెకి పెద్ద గారె లెక్కలు పనికిరావు. పెద్దదాన్ని రాత్రంతా నానబెట్టొచ్చు, చిన్నది అలా చేస్తే పొద్దుటికి గంజిలో మెతుకులా విడిపోతుంది. వేడి గారెని గోరువెచ్చటి నీళ్లలో ఒక్క నిమిషం ముంచి, అరచేతుల మధ్య మెల్లగా నొక్కి, లీటరు చిలికిన పెరుగులో వేసి గంటసేపు ఉంచితే చాలు. ఉప్పుపెరుగు అన్ని వైపులనుంచీ దిగుతుంది కనక పిండిలో ఉప్పు మామూలుకన్నా పావు వంతు తగ్గించండి. పెరుగులో అల్లం, పచ్చిమిర్చి నూరి కలపాలి. తాలింపు చల్లారాకే వేయాలి, వేడిది పోస్తే పెరుగు విరిగినట్టవుతుంది. పెరుగు తోడుకున్న రోజే వాడాలి, మన డెల్టా ఉక్కకి రెండో రోజు పెరుగు సాయంత్రానికి పుల్లబడిపోతుంది. చిన్న దొప్పలో రెండేసి గారెలు, చెంచాడు పెరుగు, పైన క్యారెట్ కోరు కాస్త.

మిగతా సగం పిండి కోడికూరకి. సంక్రాంతికి గారెలూ కోడికూరా కలిపి తినే ఊళ్లలో ఈ జోడీ గురించి ఎవరికీ నచ్చజెప్పక్కర్లేదు. తడిచేతి మీద రెండు వేళ్ల వెడల్పు బిళ్ల తట్టి, నడుమ బొటనవేలితో లోతుగా నొక్కి నూనెలో వదలాలి. ఆ నొక్కు కాలేటప్పుడు సగం పూడినా కూర నిలవడానికి కావలసినంత గుంట మిగులుతుంది. అందుకే కొంచెం ఎక్కువగానే నొక్కండి. కూరకి ఎముక లేని తొడమాంసం అరకిలో, సెంటీమీటరు ముక్కలుగా కోసినది. రెండు ఉల్లిపాయలు, గసాలూ ఎండుకొబ్బరీ నూరిన ముద్ద రెండు చెంచాలు వేసి, నూనె తేలి ముద్దకట్టేదాకా ఇగరనివ్వాలి. పులుసు మిగిలితే గారె నానిపోతుంది. కూర పొద్దున్నే చేసి పెట్టుకుని సాయంత్రం వేడిచేయండి, గారె మాత్రం అప్పటికప్పుడే.

చిట్టి బూరెలు

ఇక్కడే ఎక్కువమంది లెక్క తప్పుతారు. నిమ్మకాయంత బూరె వ్యాసాన్ని సగం చేస్తే ఒకదాని పూర్ణంతో ఎనిమిది వస్తాయి, వాటన్నిటికీ కలిపి తోపు రెట్టింపు కావాలి. పాత కొలతకే రుబ్బితే తోపు మధ్యలో అయిపోతుంది. పోనీ మందంగా ముంచితే తినేవాళ్లకి తోపే తగులుతుంది, పూర్ణం జాడ ఉండదు. అందుకే గోళీకాయకన్నా కాస్త పెద్దగా, 14 గ్రాముల దగ్గర ఆగడం మేలు. తోపు దోసెపిండికన్నా చిక్కగా, ఇడ్లీపిండికన్నా పలుచగా ఉండాలి. వేలు ముంచి తీస్తే చర్మం కనబడకుండా పట్టి, ఒక్క చుక్క కిందకి జారితే అదే పాకం.

శనగపప్పు 250 గ్రాములు, బెల్లం 250 గ్రాములు, ఏలకులు ఐదు. తోపుకి మినపప్పు 100, బియ్యం 200 గ్రాములు, చిటికెడు ఉప్పు. పప్పు రెండు గంటలు నాని, నొక్కితే విరిగేలా ఉడకాలి, పేస్టులా కాకూడదు. నీళ్లు పూర్తిగా వార్చి (ఆ కట్టుతో చారు పెట్టుకోండి), మెదిపి, బెల్లం వేసి దగ్గరపడేదాకా కలుపుతూ ఉండాలి. గరిటె నిలబెడితే పడిపోకూడదు. తడి మిగిలిన పూర్ణం నూనెలో పగులుతుంది, బెల్లం కారి నూనె నల్లబడుతుంది, ఆ తర్వాత వేసే ప్రతి బూరెకీ మాడువాసన పడుతుంది. పగిలినదాన్ని వెంటనే జల్లిగరిటెతో తీసేయండి.

బూరెకి చిల్లు పొడిచి నెయ్యి పోయడం మన ఆనవాయితీ. చిన్నదానికి అది కుదరదు, వేళ్ల మీదుగా మోచేతికి కారుతుంది. మూడు చెంచాల నెయ్యి పూర్ణంలోనే కలిపేయండి. ఉండలు ముందురోజే చుట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, కానీ నూనెలో వేయడానికి అరగంట ముందు బయట పెట్టాలి. చల్లటి ఉండకి తోపు సరిగా పట్టదు.

రొయ్యలు

కిలోకి 50 తూగే రొయ్యలు కిలో. తల, పెంకు, నల్ల నరం తీశాక సుమారు సగమే మిగులుతుంది. పసుపు, ఉప్పు, కారం, అల్లంవెల్లుల్లి పట్టించి పావుగంట ఉంచి, ముందు నూనె లేకుండా వాటి నీరు ఇగిరేదాకా రెండు మూడు నిమిషాలు, తర్వాత నాలుగు చెంచాల నూనె, గుప్పెడు కరివేపాకు వేసి ఇంకో రెండు నిమిషాలు. వంకీ తిరిగి కొసలు దగ్గరికొచ్చాయంటే దించేయాలి. గుండ్రంగా చుట్టుకుపోయేదాకా ఉంచితే రబ్బరే. పుల్లకి ఒక్కో రొయ్య, దాని పక్కన వేగిన కరివేపాకు. ఇవి మళ్లీ వేడిచేస్తే గట్టిపడతాయి కాబట్టి చుట్టాలు గుమ్మంలోకి వచ్చాకే పొయ్యి మీద పెట్టండి.

ఆరింటికి రమ్మన్నారనుకుంటే పొద్దున ఎనిమిదింటికి పప్పు నానబోసి, పన్నెండింటికి రుబ్బడం మొదలుపెట్టాలి. గారెల పప్పు మాత్రం తొమ్మిదింటికి వేసి, రుబ్బిన వెంటనే పిండి ఫ్రిజ్‌లో పెట్టేయండి. నాలుగింటికి పెరుగు గారెలు, ఐదింటికి బూరెలు, ఐదుంపావుకి రొట్టెల పెనం. పొంగణాల పెనంలో వాయికి ఏడో పన్నెండో మించి పట్టవు, అందుకే వీలైతే పక్కింటివాళ్ల పెనం కూడా అడిగి తెచ్చుకోండి. కోడికూర గారెలూ రొయ్యలూ చివరికి.

మిగిలిన రొట్టెల్ని మర్నాడు నాలుగు నీటిచుక్కలు చల్లి మూతపెట్టి పెనం మీద వేడిచేస్తే లోపల మెత్తబడతాయి, ఆఖరున మూత తీస్తే పెచ్చు మళ్లీ కరకరలాడుతుంది. మిగిలిన తోపు పిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి తరిగి వేసుకుంటే పొద్దుటికి అట్లు.