చిన్న ఇంట్లో చుట్టాలకు పడక: మంచం కింద మంచం

నెల్లూరులో మాది రెండు గదుల ఇల్లు. బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు చుట్టాలు దిగితే, పడకలు పరిచాక నడవడానికి దారి ఉండేది కాదు. మడత మంచం నడుము పట్టేసేది, సోఫా కమ్ బెడ్ విప్పితే తలుపు తెరుచుకునేది కాదు, గాలి పరుపు తెల్లారేసరికి చప్పబడేది.

చివరికి కుదిరినది, ఉన్న మంచం కిందికే చక్రాలపై దూరే మరో మంచం. ముందుగా నేల నుంచి మంచం పట్టె అడుగు వరకు కొలిస్తే 12 అంగుళాలు వచ్చింది. చక్రాలకు 2, చెక్కకు 1, పరుపుకు 4 పోగా మిగిలిన చోటులో దిండు, దుప్పటి కూడా ఇమిడాయి. కింది మంచం పొడవు మాత్రం పై మంచం కోళ్ల మధ్య దూరం కంటే ఒక అంగుళమైనా తక్కువుండాలి. తరువాత, బయటికి లాగినప్పుడు అది ఆక్రమించే చోటును సుద్దముక్కతో నేల మీద గీసి, గది తలుపును, బీరువా తలుపులను పూర్తిగా తెరిచి, ఏదీ ఆ గీతను దాటడం లేదని నిర్ధారించుకున్నాకే వడ్రంగికి కొలతలు ఇచ్చాను. చెక్కకు గాలి రంధ్రాలు పెట్టించాను; మన కోస్తా ఉక్కకు అవి లేకపోతే పరుపు అడుగున చెమ్మ చేరి ముక్కిన వాసన వస్తుంది.

అడుగున పెట్టె ఉన్న మంచాలకు ఇది పనికిరాదు. నాపరాళ్ల అతుకులు ఎగుడుదిగుడుగా ఉన్నచోట చక్రాలు తగిలి ఆగిపోవచ్చు. మోకాళ్ల నొప్పులున్నవారు అంత కిందినుంచి లేవడం కష్టం కనుక అత్తయ్యగారికి పై మంచం ఇస్తాం, కిందిది మా బావమరిదికి.