వేసవిలో జిమ్‌లో చేరుతున్నారా? పవర్‌లిఫ్టింగా, బాడీబిల్డింగా అని తేల్చుకునేలోపు ఈ జాగ్రత్తలు

పరీక్షలు అయిపోగానే విశాఖలో మద్దిలపాలెం, సీతమ్మధార, గాజువాక జిమ్ములు కొత్త కుర్రాళ్లతో నిండిపోతాయి. చేరిన నాలుగో రోజుకే ఒక ప్రశ్న వస్తుంది: "అన్నా, నేను పవర్‌లిఫ్టింగ్ చెయ్యాలా, బాడీబిల్డింగ్ చెయ్యాలా?" మంచి ప్రశ్నే. కానీ దానికి జవాబు వెతికే తొందరలోనే దెబ్బలు తగులుతున్నాయి. ఒకడు ఫోన్‌లో 200 కిలోల డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్డుని నిటారుగా నిలబడేదాకా ఎత్తడం) చూసి వచ్చి, వారం తిరక్కుండా నడుం పట్టుకుని కూర్చుంటాడు. ఇంకొకడు స్టేజీ మీద నరాలు తేలిన ఒళ్లు చూసి, మే నెల ఉక్కపోతలో నీళ్లు తాగడం తగ్గించేస్తాడు. ఇద్దరూ చూసింది పోటీ రోజుని. దాని వెనక ఉన్న ఏళ్ల సాధన వాళ్ల కంట పడలేదు. పోటీ రోజు చేసేదాన్ని రోజువారీ పనిగా పెట్టుకోవడమే కొత్తవాళ్లకి అసలు ప్రమాదం.

ముందు తేడా తెలుసుకుందాం. పవర్‌లిఫ్టింగ్‌లో మూడే లిఫ్టులు: స్క్వాట్ (రాడ్డు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం), బెంచ్ ప్రెస్ (పడుకుని ఛాతీ మీంచి రాడ్డు పైకి నెట్టడం), డెడ్‌లిఫ్ట్. ఒక్కోదానికి మూడు అవకాశాలిస్తారు. మూడింటిలోనూ ఎత్తిన అత్యధిక బరువులు కలిపితే మీ టోటల్. స్క్వాట్‌లో తుంటి మడత మోకాలి పైభాగం కంటే కిందికి దిగాలి. బెంచ్‌లో రాడ్డు ఛాతీ మీద ఆగాక, రిఫరీ చెప్పినప్పుడే లేపాలి. బాడీబిల్డింగ్‌లో ఎంత ఎత్తావని ఎవరూ అడగరు. కండ ఎంత ఉంది, ఒళ్లంతా పొందికగా ఉందా, కొవ్వు ఎంత కరిగింది, ఇవే చూస్తారు. మన శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ రెండింట్లోనూ కాదు. అది వెయిట్‌లిఫ్టింగ్. బరువుని తల మీదికి ఎత్తే స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ అనే రెండు లిఫ్టులు అందులో ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు మూడింటినీ ఒకటే అనుకుంటారు కాబట్టి చెబుతున్నాను.

ఇప్పుడు అసలు మాట. ఏప్రిల్‌లో చేరితే దసరా దాకా మీరు ఏదీ ఎంచుకోనక్కర్లేదు. మొదటి ఆరు నెలలు రెండు దారులకీ సాధన దాదాపు ఒకటే. వారానికి మూడు రోజులు చాలు. స్క్వాట్, బెంచ్, డెడ్‌లిఫ్ట్, భుజాల ప్రెస్, రోయింగ్ (బరువుని పొట్ట వైపు లాక్కోవడం), పుల్‌డౌన్ (పైనున్న కడ్డీని కేబుల్‌తో కిందికి లాగడం). ఒక్కోటి రెండు మూడు సెట్లు (ఆగకుండా చేసే విడతలు), సెట్టుకి ఐదు నుంచి పది రెప్పులు, అంటే అన్నిసార్లు ఎత్తి దించడం. ఇంకో రెండు రెప్పులు చెయ్యగలను అనిపించినప్పుడే ఆపెయ్యాలి. కొత్తల్లో బరువు గబగబా పెరుగుతుంది. అదంతా కండ పెరగడం వల్ల కాదు, ఉన్న కండని వాడుకోవడం నరాలు నేర్చుకోవడం వల్ల. కండని ఎముకకి పట్టి ఉంచే స్నాయువులు మాత్రం అంత త్వరగా గట్టిపడవు. చెయ్యగలను అనే ధైర్యం ముందు వచ్చేస్తుంది, కీళ్లు వెనకబడి ఉంటాయి. ఆ మధ్య కాలంలోనే మోచేతులు, భుజాలు, నడుము పోతాయి. అందుకే రెండు పక్కలా 1.25 కిలోల చిన్న ప్లేట్లు వేసి, ఒకసారికి 2.5 కిలోలే పెంచండి. మీ జిమ్‌లో ఆ చిన్న ప్లేట్లు లేకపోతే తెప్పించమని అడగండి. అడగడానికి మొహమాటపడి ఒకేసారి పది కిలోలు వేసుకునేవాళ్లని చాలామందిని చూశాను.

ఒంటరిగా బెంచ్ కొట్టొద్దు

ఇది నాకు జరిగింది. తెల్లారి ఐదున్నరకి జిమ్ తెరిచిన కుర్రాడు కింద టీ తాగుతున్నాడు. పైన నేనొక్కడినే. రాడ్డు 20 కిలోలు, పక్కకి ఒక్కో 20 ప్లేటు, మొత్తం 60. ప్లేట్లు జారకుండా లాకులు బిగించాను. ఎనిమిదో రెప్పు సగం లేచి ఆగింది. మెల్లగా దిగి ఛాతీ మీద కూర్చుంది. పిలుద్దామంటే గొంతులోంచి మాట రాలేదు, ఎందుకంటే ఊపిరి పీల్చుకోవడానికే పక్కటెముకలు లేవట్లేదు. రాడ్డుని పొట్ట మీదుగా తొడల దాకా దొర్లించుకుని లేచాను. నాలుగు రోజులు నవ్వినా, దగ్గినా నొప్పే. లాకులు లేకపోతే ఒక పక్కకి వంచి ప్లేట్లు జారవిడిచి బయటపడేవాణ్ని.

కాబట్టి బరువు బెంచ్ ఎప్పుడూ సపోర్ట్ ఇచ్చే మనిషి ఉంటేనే. ఆ మనిషికి ఎన్ని రెప్పులు చేస్తున్నారో, ఎప్పుడు పట్టుకోవాలో ముందే చెప్పండి. ఎవరూ లేని రోజు డంబెల్స్‌తో చెయ్యండి, లేదా లాకులు తీసేసి తక్కువ బరువుతో చెయ్యండి. బొటనవేలు రాడ్డు చుట్టూ తిప్పి పట్టుకోవాలి. వేళ్లన్నీ ఒకే వైపు పెడితే చెమటకి రాడ్డు జారి నేరుగా మెడ మీదో ఛాతీ మీదో పడుతుంది. స్క్వాట్ చేసేటప్పుడు రాక్‌కి (రాడ్డు ఆనించే స్టాండుకి) ఉన్న అడ్డ కడ్డీలు మీరు పూర్తిగా కూర్చున్నప్పుడు రాడ్డు ఉండే ఎత్తుకి రెండంగుళాలు కిందగా పెట్టుకోండి. బెల్టు కట్టుకుంటే నడుముకి ఏమీ కాదనే నమ్మకం వదిలెయ్యండి. ఊపిరి బిగించి పొట్టని నెట్టడానికి అది ఆసరా మాత్రమే. ఆ ఊపిరి బిగింపుకి బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఈ బరువుల జోలికి వెళ్లకూడదు.

ఉప్పుగాలి, ఉక్కపోత

మన ఊరి జిమ్ములకి ఒక సొంత బెడద ఉంది, తుప్పు. సముద్రం దగ్గరున్న చోట కొత్త గేటుకే ఏడాదికల్లా రంగు పొంగుతుంది, జిమ్ ఇనుము ఎలా తప్పించుకుంటుంది? పుల్‌డౌన్ కేబుల్ ప్లాస్టిక్ తొడుగు ఎక్కడ చిట్లిందో చూడండి. అక్కడ వేలు పెట్టకుండా కళ్లతోనే చూడండి, తెగిన తీగలు సూదుల్లా గుచ్చుకుంటాయి. అలాంటి కేబుల్ ఎప్పుడైనా తెగి, కడ్డీ మీ తల మీదికే రావచ్చు. బెంచ్ కింద బోల్టులు ఊపి చూడండి. రాడ్డు చివరల్లో ప్లేట్లు తిరగకుండా బిగుసుకుపోతే డెడ్‌లిఫ్ట్‌లో మణికట్టు మెలితిరుగుతుంది. ఒక చుక్క నూనెతో పోయే పని అది.

ఎండ కంటే గాలిలో తేమే విశాఖలో ఎక్కువ దెబ్బతీస్తుంది. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పై అంతస్తులో రేకుల కింద ఉన్న జిమ్ అయితే పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం వద్దు. సెట్టుకీ సెట్టుకీ మధ్య మూడు నిమిషాలైనా ఫ్యాను కింద కూర్చోండి. ఉప్పు వేసిన మజ్జిగో, నిమ్మరసమో తోడు తెచ్చుకోండి. కళ్లు తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా ఆ రోజుకి అంతే. మాట తడబడితే, మనిషి అయోమయంగా ఉంటే అది వడదెబ్బ. ఒంటి మీద నీళ్లు పోస్తూ, గాలి తగిలేలా చూస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంకో గుర్తు కూడా తెలియాలి. మొదటి రోజే వందల కొద్దీ గుంజీలు, పుల్‌అప్‌లు చేయించే చోట్లున్నాయి. రెండు మూడు రోజులకి కండలు వాచి, చెయ్యి మడవలేక, మూత్రం కోలా రంగులోకి మారితే కండ చితికి ఆ పదార్థం కిడ్నీలకి చేరుతోందని అర్థం. నొప్పి బిళ్ల మింగి పడుకుంటే కిడ్నీకి ఇంకా చేటు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

తిండి, డబ్బాలు, సూదులు

కిలో ఒంటి బరువుకి రోజుకి 1.6 గ్రాముల ప్రోటీన్ సరిపోతుంది. 65 కిలోల మనిషికి నూరు గ్రాముల పైచిలుకు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి చేప ధర ఎక్కుతుంది, అప్పుడు గుడ్లు, కోడి, పెసలు, సెనగలు, పెరుగు. ఇంటి తిండిలో సరిపోనప్పుడే వే ప్రోటీన్ (పాల నుంచి తీసిన ప్రోటీన్ పొడి). డబ్బా మీద 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబరు, సీలు చూడకుండా కొనొద్దు.

జిమ్ భాషలో "సైకిల్" అంటే స్టెరాయిడ్లు. రెండు ఆటల్లోనూ ఉన్నాయి. వాటివల్ల వచ్చే చేటు ఇది: సొంత టెస్టోస్టిరాన్ (మగ హార్మోన్) ఆగిపోవడం, వృషణాలు కుంచించుకుపోవడం, పిల్లలు పుట్టకపోవడం, మగవాడికి రొమ్ము పెరగడం, మాత్రలైతే కాలేయం చెడటం. పద్దెనిమిది నిండని పిల్లవాడికి ఇస్తే ఎత్తు పెరగడం కూడా ఆగిపోవచ్చు. అంతకంటే ముందు ప్రాణం తీసేది స్టేజీ కోసం నీరు తియ్యడం. 1992లో మొహమ్మద్ బెనజీజా అనే బాడీబిల్డర్ నెదర్లాండ్స్‌లో పోటీ అయిన కొన్ని గంటలకే చనిపోయాడు. నీరు లాగే మందులతో ఒంట్లో పొటాషియం తారుమారైతే గుండె లయ తప్పుతుంది. పోటీకి పేరే ఇవ్వని కుర్రాడు బీచ్‌లో ఫొటో కోసం ఆ పని చేస్తానంటే దయచేసి ఆపండి.

దసరాకి ఎంచుకోవడం ఎలా? ఎత్తిన బరువులు రాసుకునే మీ నోట్‌బుక్ తియ్యండి. గత వారం కంటే 2.5 కిలోలు ఎక్కాయా అన్న ఆత్రుత మిమ్మల్ని జిమ్‌కి లాక్కొస్తే పవర్‌లిఫ్టింగ్. చివరి రెప్పుల్లో కండ మండటం, అద్దంలో భుజం గుండ్రబడటం ఇష్టమైతే బాడీబిల్డింగ్. జిమ్‌లో మంచి రాక్, లోతు చూసి చెప్పే మాస్టారు లేకపోతే పవర్‌లిఫ్టింగ్ ఆ చోట మొదలుపెట్టొద్దు. అప్పుడు కూడా మొదటి పరీక్ష ఒక్క రెప్పు మ్యాక్స్ కాకూడదు. అడ్డ కడ్డీలు పెట్టుకుని, సపోర్ట్ మనిషి ఉండగా, శుభ్రంగా మూడు రెప్పులు లేపగల బరువు చూసుకోండి. నాలుగోది వస్తుందనిపించినా రాడ్డు రాక్ మీద పెట్టేసి, ఆ అంకె నోట్‌బుక్‌లో రాసుకోండి.