ఒకే పెట్టెలో రెండు సైన్యాలు: మినియేచర్ వార్‌గేమింగ్‌ను అదుపులో ఉంచుకునే పద్ధతి

మినియేచర్ వార్‌గేమింగ్‌లో, అంటే చిన్న చిన్న సైనికుల బొమ్మలతో బల్ల మీద యుద్ధాలు ఆడే అభిరుచిలో, మూడు పనులు ఉంటాయి: బొమ్మలు కొనడం, వాటిని అతికించి రంగులు వేయడం, ఆపైన బల్ల మీద టేపుతో దూరాలు కొలుచుకుంటూ పాచికలు వేసి ఆడడం. మొదటిది ఫోనులో ఐదు నిమిషాల్లో అయిపోతుంది. రెండోది నెలల తరబడి సాగుతుంది. మూడోదానికి మరో మనిషి, ఒక బల్ల, ఒక సాయంత్రం కుదరాలి. ఈ మూడింటి వేగాలకు పొంతన లేదు గనుక, పట్టించుకోకుండా వదిలేస్తే రంగు పడని బొమ్మలు బీరువా పైన పేరుకుపోతాయి, వాటిని చూసినప్పుడల్లా బ్రష్షు పట్టుకోబుద్ధి కాదు. మొదటి నుంచీ చిన్నదిగా కట్టుకుంటే ఈ అభిరుచి ఎన్నేళ్లయినా హాయిగా సాగుతుంది. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఉండేవారికి పనికివచ్చేలా ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

అన్నిటికన్నా ముందు ఎవరితో ఆడతారో తేల్చుకోండి. ఇంగ్లండులోని క్లబ్బుల్లో ఎవరి సైన్యాన్ని వారు తెచ్చుకోవడం ఆనవాయితీ. చాలా ఆటల నియమాలూ, బొమ్మల పెట్టెలూ ఆ పద్ధతిని దృష్టిలో పెట్టుకునే తయారవుతాయి. మన ఊళ్లలో అదే ధోరణిలో ఒక పెద్ద సైన్యాన్ని సిద్ధం చేసుకుంటే, ఎదుటి సైన్యం కోసం ఎంతకాలం ఎదురుచూడాలో చెప్పలేం. కాబట్టి రెండు పక్షాలనూ మీరే తయారు చేసుకోండి. పండక్కి వచ్చిన బావమరిది గానీ, ఆదివారం ఖాళీగా ఉన్న పక్కింటి అబ్బాయి గానీ చేతులు ఊపుకుంటూ వచ్చి కూర్చుంటే చాలు, ఆట మొదలుకావాలి. ఈ ఒక్క నియమం పెట్టుకోగానే మిగతా నిర్ణయాలు సులభమవుతాయి, ఎందుకంటే బల్ల మీదికి వచ్చే ప్రతి బొమ్మకూ ఎదురు నిలిచే బొమ్మ కూడా మీ చేతుల మీదుగానే రావాలి గనుక, పెద్ద ఆటల మీది మోజు దానంతట అదే తగ్గుతుంది.

తరువాత గంటల లెక్క వేయండి. 28 మి.మీ. బొమ్మ (నిలబడిన మనిషి ఎత్తు దాదాపు అంత) ఒకదాన్ని అతికించి, ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే మొదటి పూత) వేసి, బల్ల మీద చూడముచ్చటగా ఉండేలా రంగులు పూర్తి చేయడానికి రెండు గంటలు అనుకుందాం. ఉద్యోగమూ ఇల్లూ చూసుకునే మనిషికి వారానికి నాలుగు గంటలు దొరికితే గొప్ప. అంటే వారానికి రెండు బొమ్మలు. భవిష్యత్తు యుద్ధాల ఆట అయిన వార్‌హామర్ 40,000లో మామూలుగా ఆడే 2,000 పాయింట్ల ఆటకు (బొమ్మల బలాన్ని బట్టి ఇచ్చే విలువే పాయింట్లు) 60 అంగుళాల పొడవు, 44 అంగుళాల వెడల్పు ఉన్న బల్ల కావాలి. పక్షానికి 80 బొమ్మలు పట్టే సైన్యాలను ఎంచుకుంటే రెండు పక్షాలకూ రంగు వేయడానికి ఏడాదిన్నర పడుతుంది. మాంత్రికుల ముఠాలు తలపడే ఆట ఫ్రాస్ట్‌గ్రేవ్‌లో అయితే ఒక మాంత్రికుడు, అతని శిష్యుడు, ఎనిమిది మంది భటులు, అంతే. రెండు పక్షాలు కలిపి ఇరవై బొమ్మలు, పది వారాల పని. దసరాకు మొదలుపెట్టినవారు సంక్రాంతికి నింపాదిగా ఆడుకోవచ్చు.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారికి నేను గట్టిగా సిఫారసు చేసేది డీబీఏ అని అందరూ పిలిచే డి బెల్లిస్ యాంటిక్విటాటిస్. 1990లో వచ్చిన ఈ నియమావళిలో ప్రతి సైన్యానికీ పన్నెండే ఎలిమెంట్లు. ఎలిమెంటు అంటే ఒకే పలుచని బేస్ (అడుగు పలక) మీద అతికించిన చిన్న గుంపు: కాలిబంట్లయితే సాధారణంగా ఇద్దరి నుంచి నలుగురు, గుర్రాలయితే రెండు మూడు, ఏనుగు అయితే ఒక్కటే. 15 మి.మీ. బొమ్మలతో ఆడేటప్పుడు ఒక్కో ఎలిమెంటు ముందువైపు వెడల్పు 40 మి.మీ.; పన్నెండింటినీ ఒకే వరుసలో నిలబెట్టినా 48 సెం.మీ. మించదు. మైదానానికి 60 సెం.మీ. చదరం చాలు. ఇప్పుడు మన ఇళ్లలో వేస్తున్న రెండడుగుల విట్రిఫైడ్ టైలు సరిగ్గా అంతే ఉంటుంది కాబట్టి, చాప పరుచుకుని కూర్చుంటే నట్టింట్లో ఒక టైలే యుద్ధభూమి, దాని చుట్టూ ఉన్న సందుగీతలే హద్దులు. ఒక ఆట సుమారు గంటలో ముగుస్తుంది. భోజనాల బల్లను ఆక్రమించే పని లేదు.

జంటను ఎంచుకునేటప్పుడు నిజంగా ఒకరితో ఒకరు పోరాడిన సైన్యాలనే తీసుకోండి. మన ప్రాంతానికి అతి దగ్గరగా ఉన్న జంట విజయనగరం, బహమనీలు. 1336లో విజయనగరం, 1347లో బహమనీ రాజ్యం ఏర్పడ్డాక, కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు అంతర్వేది కోసం ఆ రెండు రాజ్యాలూ తరతరాలుగా యుద్ధాలు చేశాయి. కర్నూలులో తుంగభద్ర ఒడ్డున నిలబడితే ఆ రెండు నదుల సంగమం ఎంతో దూరం కాదు. ఇటు ఏనుగులు, విలుకాండ్రు, పెద్ద కాలిబలం. అటు బలమైన అశ్వదళం. రెండు పక్షాల స్వభావాలూ ఇంత తేడాగా ఉన్నందువల్ల, పక్షాలు మార్చుకుని ఆడిన ప్రతిసారీ అదే పెట్టె కొత్త ఆటలా అనిపిస్తుంది. బొమ్మలు పెంచకుండా వైవిధ్యం పెంచుకునే మార్గం ఇది.

ఏ ఆట ఎంచుకున్నా, డబ్బు ఖర్చు పెట్టకముందే ఆడి చూడండి. అట్టముక్కలను కొలత ప్రకారం కత్తిరించి, వాటి మీద ‘ఏనుగు’, ‘గుర్రం’, ‘విల్లు’ అని రాసుకుంటే డీబీఏ నడుస్తుంది. చొక్కా బొత్తాలతో ఫ్రాస్ట్‌గ్రేవ్ వంటివి నడుస్తాయి. వన్ పేజ్ రూల్స్ అనే ఆటల సంస్థ వారి ప్రాథమిక నియమాలు ఉచితంగానే దొరుకుతాయి, ఏ కంపెనీ బొమ్మలతోనైనా ఆడుకోవచ్చు. అట్టముక్కలతో రెండు మూడు సార్లు ఆడాక కూడా మళ్లీ ఆడాలనిపిస్తే, అప్పుడు బొమ్మలు తెప్పించండి. నియమావళి విషయంలో ఇంకొక మాట. వార్‌హామర్ 40,000 కొత్త ఎడిషన్లు 2017, 2020, 2023లలో వచ్చాయి, అంటే మూడేళ్లకొకసారి పుస్తకాలు మారుతున్నాయి. ఆ వేగాన్ని అందుకోవాలని చూసేవారి చేతిలో అభిరుచి చిన్నదిగా ఉండదు. మీరూ, మీ ఎదుట కూర్చునేవారూ ఒప్పుకున్న ఎడిషనే మీ ఇంట్లో చెల్లుబాటవుతుంది.

విదేశాల నుంచి తెప్పించేటప్పుడు రవాణా ఖర్చు, కస్టమ్స్ సుంకం కలుపుకుని చూసుకోండి. రెండు పక్షాలనూ ఒకే ఆర్డరులో తెప్పించుకోవడం మేలు. త్రీడీ ప్రింటరు జోలికి మాత్రం మొదట్లో వెళ్లకండి. అది మీరు రంగు వేయగలిగిన దానికన్నా ఎన్నో రెట్లు వేగంగా బొమ్మలు తీస్తుంది, అంటే ఉన్న సమస్యనే పెంచుతుంది. రెజిన్ ప్రింటరయితే చేతి తొడుగులు, గాలి వెలుతురు ఉన్న గది, కడగడానికి ఆల్కహాలు అన్నీ చూసుకోవాలి. కావలసిన ఇరవై బొమ్మలను ప్రింటింగ్ చేసేవారి దగ్గర తీయించుకుంటే సరిపోతుంది.

ఇక రంగులు. మన ఎండలను లెక్కలోకి తీసుకోకుండా రాసిన సలహాలు ఇక్కడ పనిచేయవు. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటినప్పుడు ఆక్రిలిక్ రంగు ప్లేటు మీదే కాదు, బ్రష్షు కొన మీద కూడా ఆరిపోతుంది. ఫ్యాను కింద కూర్చుంటే మరీ త్వరగా ఆరుతుంది. తెల్లవారుజామున, ఎండెక్కక ముందు కూర్చోవడం ఉత్తమం. వెట్ ప్యాలెట్ తప్పనిసరి, దాన్ని కొనవలసిన పని లేదు: మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ స్వీటు డబ్బాలో టిష్యూ పేపర్లు మడతపెట్టి పరిచి, నీళ్లతో తడిపి, పైన బేకింగ్‌కు వాడే బటర్ పేపరు పరవండి. దాని మీద వేసిన రంగు మూత పెడితే మరునాటికి కూడా తడిగానే ఉంటుంది. నీళ్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. బోరు నీళ్లతో వాష్‌ను (మడతల్లోకి దిగి నీడలా కనిపించే పలుచని రంగును) పలుచన చేస్తే, ఆరిన తరువాత కవచం మడతల్లో, గుడ్డ ముడతల్లో ఉప్పు తెల్లటి చారలా పైకి తేలుతుంది, నల్లటి ముదురు రంగుల మీద అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రంగు పలుచన చేయడానికి తాగే క్యాను నీళ్లు, బ్రష్షులు కడగడానికి బోరు నీళ్లు వాడుకోండి.

స్ప్రే ప్రైమర్ కూడా ఎండలో మొరాయిస్తుంది. డబ్బా నుంచి వెలువడిన తుంపర బొమ్మను చేరేలోపే ఆరిపోయి, ముఖం మీద ఇసుక చల్లినట్టు గరుకుగా పడుతుంది. ఆషాఢంలో మిద్దె మీద గాలికి దుమ్ము అంటుకుంటుంది, వాన రోజుల్లో మ్యాట్ వార్నిష్ స్ప్రే పాలిపోయినట్టు తెల్లబారుతుంది. ఇరవై బొమ్మలకే కాబట్టి ప్రైమరూ వార్నిషూ రెండూ బ్రష్షుతోనే వేసేయండి. తక్కువ బొమ్మలు ఉండడం వల్ల కలిగే వెసులుబాటు ఇలాంటి చోట్లే తెలుస్తుంది. వార్నిష్ మానకండి, చెమట చేతులకు రంగు త్వరగా లేచిపోతుంది.

రంగు సీసాలు పది చాలు: నలుపు, తెలుపు, ఎరుపు, నీలం, పసుపు, మట్టిరంగు, చర్మపు రంగు, వెండి, బంగారు రంగు, ముదురు గోధుమ వాష్. డ్రాపర్ ఉన్న సీసాలైతే వేసవిలో ఎక్కువ కాలం నిలుస్తాయి. కొన చక్కగా కూడే ఒకటో నంబరు బ్రష్షు ఒకటి ఉంటే, సన్నటి సున్నా నంబర్ల బ్రష్షులు అరడజను ఉన్నదానికన్నా మేలు, ఎందుకంటే కళ్లు గీయడానికి కావలసినది కొన, కళ్లు గీసేవరకు రంగు ఆరకుండా నిలపడానికి కావలసినది బ్రష్షు పొట్ట. బొమ్మలను ఐదేసి చొప్పున తీసుకుని, ఆ ఐదూ వార్నిష్‌తో సహా పూర్తయ్యాకే తరువాతి ఐదింటిని స్ప్రూ (బొమ్మల ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి కోయండి. రెండు పక్షాలకూ మార్చి మార్చి వేయండి. అలా చేస్తే మొదటి ఐదు వారాల్లోనే ఇటు ఐదుగురు, అటు ఐదుగురితో చిన్న ఆట ఆడవచ్చు.

బేసుల అలంకరణకు బజారులో డబ్బు పోయకండి. అనంతపురం ఎర్రమట్టిని టీ వడకట్టుతో జల్లించి, నీళ్లు కలిపిన ఫెవికాల్ మీద చల్లితే, ఏ కంపెనీ డబ్బాలోనూ దొరకని మన నేల రంగు వస్తుంది. కర్నూలు వైపు వారికి నల్లరేగడి ఉండనే ఉంది. కడప బండలు కోసే చోట నేల మీద రాలిన పెచ్చులను ఏరుకుని చూడండి: గోరంత ముక్కలో కూడా పొరలు పొరలుగా చీలిన అంచు కనిపిస్తుంది, 28 మి.మీ. భటుడి పక్కన నిలబెడితే అది గండికోట దగ్గర పెన్నా లోయ గోడలా తోస్తుంది. పెద్ద గుట్టలకు థర్మాకోల్ వాడవచ్చు గానీ, ఫెవిక్విక్ గానీ స్ప్రే రంగు గానీ నేరుగా తగిలితే థర్మాకోల్ కరిగి గుంటలు పడుతుంది. ముందు ఫెవికాల్‌తో మట్టి పూత వేసి, పూర్తిగా ఆరాక ఆక్రిలిక్ రంగులు పూయండి. రెండు గుట్టలు, ఒక తోపు, ఒక వాగు, ఒక పాడుపడిన గోడ. ఇంతకు మించి టెర్రైన్ అక్కరలేదు. టెర్రైనే ఇంట్లో చోటు తినేస్తుంది, బొమ్మలు కాదు.

ఇవన్నీ ఒకే పెట్టెలో పట్టాలి. బేసుల అడుగున చిన్న అయస్కాంతాలు అతికించి, పెట్టె అడుగున పలుచని ఇనుప రేకు పరిస్తే, పెట్టెను వాలుగా పట్టుకున్నా బొమ్మ కదలదు. స్టీలు డబ్బా వాడదలిస్తే కొనేముందు అయస్కాంతం పెట్టి చూడండి, అన్ని స్టీళ్లూ పట్టవు. పెట్టెను గదిలో కింది గూట్లో ఉంచండి; రేకుల గదిలో, ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి. పీఎల్ఏ ప్లాస్టిక్‌తో ప్రింటు చేసినవి 60 డిగ్రీల దగ్గరే మెత్తబడి ఈటెలు వంగిపోతాయి. డీబీఏ పెట్టె వీపు సంచిలో పడుతుంది గనుక, అనంతపురం నుంచి బెంగళూరు బస్సెక్కే ఉద్యోగికి కూడా ఇబ్బంది ఉండదు.

కొత్తవారితో ఆడేటప్పుడు నియమాలన్నీ ముందే చెప్పి విసిగించకండి. ఏనుగును చేతిలో పెట్టండి. “మామా, దీన్ని యాడికి జరపల్ల?” అని మేనల్లుడు అడిగినప్పుడు, ఆ ఒక్క కదలికకు కావలసిన నియమమే చెప్పండి. మంచి పక్షాన్ని అతిథికి ఇచ్చి, బలహీనమైనదాన్ని మీరు తీసుకోండి. ఓడినా గెలిచినా మళ్లీ వచ్చే మనిషి దొరకడం మన ఊళ్లలో ఏ అరుదైన బొమ్మకన్నా విలువైనది.

మూడో సైన్యం మీదికి మనసు పోవడం సహజం. అప్పుడు పెట్టె తెరిచి రెండు ప్రశ్నలు వేసుకోండి: రంగు పడనిది ఒక్కటైనా ఉందా? గత రెండు మూడు నెలల్లో ఈ పెట్టె బల్ల ఎక్కిందా? మొదటిదానికి ‘లేదు’, రెండోదానికి ‘ఎక్కింది’ అన్నదే జవాబయితే నిరభ్యంతరంగా తెప్పించుకోండి, కానీ దానికి పెట్టెలోనే చోటు చేయండి. చోటు లేకపోతే పాత పక్షాల్లో ఒకదాన్ని, బాగా ఆడడం నేర్చుకున్నవారికి బేసులతో, అయస్కాంతాలతో సహా ఇచ్చేయండి. తరువాతి ఆటకు వారు ఆ సైన్యాన్ని తమతో తెచ్చుకుంటారు, మీరు కొత్తదానితో ఎదురు నిలుస్తారు.