ఏజెంటుకు పని ఇవ్వండి, పంపే అనుమతి వద్దు
వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాల దుకాణం. ఈమెయిళ్లకు జవాబిచ్చే పని ఏఐ ఏజెంటుకు, అంటే చెప్పిన పనిని తనంతట తానే చేసే సాఫ్ట్‌వేర్‌కు, అప్పగిస్తే, 6×9 అడుగుల జంపఖానాకు 4×6 ధర రాసి పంపేసింది. మాట తప్పలేక ఆ ధరకే ఇచ్చాను.

ఇప్పుడు ఆర్డర్లు మాత్రమే వచ్చేలా దానికి వేరే ఈమెయిల్ ఖాతా తెరిచాను. చదవడానికి, చిత్తుప్రతి రాయడానికి అనుమతి ఉంచి, పంపేది తీసేశాను. కొరియర్ బుకింగుకు వాలెట్‌లో 500 రూపాయలే వేస్తాను. పొరపాటు జరిగినా పోయేది అంతే. పొద్దున, సాయంత్రం పదేసి నిమిషాలు కూర్చుని కొలత, ధర, పిన్‌కోడ్ సరిచూసి నేనే పంపుతాను. మర్యాద వాక్యాలు చూడను, అవి నాకన్నా బాగానే రాస్తుంది.

దసరా ముందు మాత్రం చిత్తుప్రతులు నలభై దాటితే చదవకుండానే ‘పంపు’ బటన్ నొక్కేస్తాం. ఆ రోజుల్లో ఏజెంటును ఆపేసి ఫోనులో మాట్లాడటమే నయం.