పాత ఫ్యాక్టరీ నేలమీది చిత్తడి వనానికి వెళ్తున్నారా?

ఒకప్పుడు గ్యాస్ ఫ్యాక్టరీయో, రైల్వే యార్డో, బూడిద చెరువో ఉన్న చోట ఇప్పుడు జమ్ము పెరిగి కొంగలు వాలుతుంటే చూడముచ్చటగానే ఉంటుంది. కానీ పాత మట్టినంతా తవ్వి తరలించడం చాలా ఖర్చుతో కూడిన పని. అందుకే చాలాచోట్ల దానిమీద బంకమట్టి పరిచి, పైన మంచి మట్టి పోస్తారు. సీసం, ఆర్సెనిక్, తారులోని రసాయనాలు అడుగున అలాగే ఉండిపోతాయి. కాబట్టి బాట దిగొద్దు, నేల తవ్వొద్దు. పిల్లలకు పుల్ల దొరికితే మొదట చేసేది తవ్వడమే, ఓ కన్నేసి ఉంచండి.

సీసం చర్మం గుండా ఒంట్లోకి పోయేది తక్కువ. మట్టి అంటిన చెయ్యి నోట్లో పెట్టుకుంటేనే అసలు చిక్కు. శానిటైజర్ క్రిములను చంపుతుందే తప్ప లోహాన్ని వదిలించదు. తాగే నీళ్లు కాకుండా మరో లీటరు నీళ్లు, సబ్బుముక్క తీసుకెళ్లి, ఏదైనా తినేముందు చేతులు 20 సెకన్లు రుద్ది కడగండి. అక్కడి ఆకుకూరలు, పుట్టగొడుగులు, చేపలు ఇంటికి తేవద్దు. సిడ్నీలో హోమ్‌బుష్ బే ఒడ్డు ఫ్యాక్టరీలు మూతబడి ఏళ్లు గడిచాక కూడా చేపల్లో డయాక్సిన్లనే విషరసాయనాలు బయటపడ్డాయి. 2006లో సిడ్నీ హార్బర్‌లో వాణిజ్య చేపలవేట ఆపేశారు.

పాత వ్యర్థాల చెరువుల్లో పైపొర ఎండి బీటలువారి గట్టినేలలా కనిపిస్తుంది. అడుగున మాత్రం జావలాంటి బురద. కాలు దిగబడితే ఒక్కసారిగా గుంజకండి, బురద ఇంకా పట్టేస్తుంది. బ్యాగు తీసి పక్కన పడేసి, వెనక్కి వాలి కూర్చోండి. బరువు పరుచుకుంటుంది. కాలిని అటూ ఇటూ మెల్లగా కదిపితే చుట్టూ నీరు చేరి పట్టు వదులుతుంది. చెప్పు పోతే పోనివ్వండి. తోడొచ్చినవాళ్లు దగ్గరికి రాకుండా గట్టినేల మీదే నిలబడి కర్రో తాడో అందించాలి.

భారీ వాన పడితే రెండు మూడు రోజులు ఆగి వెళ్లండి. నగరం మురుగు పొంగి ఈ చిత్తడి నేలలోకే చేరే అవకాశం ఉంది, ఎలుకల మూత్రం సరేసరి. వెళ్లొచ్చిన నాలుగు వారాల్లోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం కనిపిస్తే డాక్టరుకు లక్షణాలతో పాటు ఎక్కడికి వెళ్లొచ్చారో కూడా చెప్పండి. ఎలుకల మూత్రం కలిసిన నీటితో సోకే లెప్టోస్పైరోసిస్ జబ్బు అనుమానం రావడానికి ఆ మాట ముఖ్యమైన ఆధారం. పాత ఇనుపచువ్వ గీరుకుంటే వెంటనే కడిగి, ధనుర్వాతం టీకా వేయించుకుని ఐదేళ్లు దాటిందేమో చూసుకోండి.

ఎండాకాలంలో నీటిమీద పచ్చ పెయింటు ఒలికినట్టుంటే కుక్కను దగ్గరికి పోనివ్వకండి. అది విషపు నాచు కావచ్చు, కుక్క ఆ నీళ్లు తాగినా, ఒంటిని నాక్కున్నా ప్రాణం పోవచ్చు. చచ్చిన పక్షులు కనిపిస్తే ముట్టుకోకుండా సిబ్బందికి చోటు చెప్పండి: బర్డ్ ఫ్లూ కావచ్చు, బాక్టీరియా విషంతో వచ్చే బొటులిజమూ కావచ్చు.

చెత్త పూడ్చిన నేలైతే అక్కడక్కడా గొట్టాలు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. అవి మీథేన్ అనే మండే వాయువు పోయే దారులు. వాటి దగ్గర నిప్పు వద్దు, వాటిలో రాళ్లు వేయొద్దు.

ఉదయం, సాయంత్రం పక్షులతో పాటు దోమలూ ఎక్కువే. పొడుగుచేతుల చొక్కా, ప్యాంటు వేసుకుని, 20–30 శాతం డీట్ ఉన్న మందు పూసుకోండి. గడ్డిలోంచి వచ్చాక మోకాళ్ల వెనక, గజ్జల్లో పిడుదులున్నాయేమో వెతకండి. బూట్ల అడుగు బురద అక్కడే దులిపి, ఇంట్లో పూర్తిగా ఆరాకే మరో చెరువుకు వేసుకెళ్లండి. కలుపు విత్తనాలు ఊళ్లు మారేది ఆ బురదలోనే.