తొలి బొమ్మకు ధర కట్టే విధానం
తిరుపతిలో ఇంట్లో కూర్చొని, సినిమాలు, కార్టూన్ల వంటి వాటిలోని అభిమాన పాత్రల బొమ్మలను ఆన్‌లైన్‌లో అడిగినవారికి గీసి ఇవ్వదలచినవారు ముఖం చూసి కాక గడియారం చూసి ధర కట్టాలి. భుజాల వరకు ఉండే ఒక బొమ్మను స్కెచ్ నుండి రంగుల దాకా గీసి, సంప్రదింపులకు, మార్పులకు పట్టిన సమయాన్ని కూడా కలిపి రాసుకోవాలి. మొత్తం 5 గంటలై, గంటకు 120 రూపాయలు గిట్టుబాటవుతుందనుకుంటే, ధర 600 రూపాయలు. రెండో పాత్రకు, నేపథ్యానికి ధర విడిగా చెప్పాలి. బొమ్మ అడిగేవారు వెనుక శేషాచలం కొండలు, గాలిగోపురం “ఊరికే అలా” వేయమంటారు. అవి ఊరికే రావు. స్కెచ్ మొదలుపెట్టక ముందే సగం సొమ్ము యూపీఐ ద్వారా తీసుకుని, ఉచిత మార్పులు రెండేనని రాసి పంపాలి. బంధువులకు తగ్గించినా అసలు ధర చూపించాకే తగ్గించాలి. పాత్రల హక్కులు వేరొకరివి కనుక, ఆ బొమ్మలను టీషర్టులపై అచ్చువేసి అమ్ముకుంటామంటే ఒప్పుకోరాదు.